క్రషర్ దుమ్ము, చంద్రధూళి: చిన్న వర్క్‌షాపుకు అంతరిక్ష పరిశోధన నిధి తెచ్చుకోవడం ఎలా?

కరీంనగర్ చుట్టుపక్కల కంకర క్రషర్ల దగ్గర పనిచేసినవారికి దుమ్ము గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తిరిగే షాఫ్టు చుట్టూ దుమ్మును ఆపే ఆయిల్ సీలు అంచు దాటి లోపలికి చేరిన రాతిపొడి గ్రీజుతో కలిసి సానపెట్టే ముద్దలా మారుతుంది. ముందు బేరింగ్ గోల మొదలవుతుంది, తర్వాత షాఫ్టే గీరుకుపోతుంది. 1972 డిసెంబరులో చంద్రుడి మీద తిరిగిన అపోలో 17 వ్యోమగాములదీ ఇదే గోస. వాళ్లు నడిపిన బండి, అంటే రోవరు, చక్రం మీది మడ్‌గార్డు విరిగితే ధూళి అంతా వాళ్ల మీదే చిమ్మింది. మ్యాపులను టేపుతో అతికించి కొత్త మడ్‌గార్డు కట్టుకున్నారు. వారిలో భూగర్భ శాస్త్రవేత్త అయిన హారిసన్ ష్మిట్‌కు ఆ ధూళి పడక ముక్కు దిబ్బడ వేసింది. మన క్రషర్‌కూ ఆ రోవరుకూ మధ్య ఉన్నది 3,84,000 కిలోమీటర్లు. దుమ్ము బుద్ధి మాత్రం రెండుచోట్లా ఒకటే.

మడికొండలోనో కాజీపేటలోనో కరీంనగర్‌లోనో లేతు, మిల్లింగు మిషన్లతో చిన్న వర్క్‌షాపు నడుపుతూ, అంతరిక్షానికి పనికొచ్చే వస్తువు మన దగ్గరా తయారవుతుందేమో అనుకునేవారికోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణగా దుమ్మును ఆపే సీలునే చివరిదాకా పట్టుకుంటాను. మీది సెన్సరైనా, బ్యాటరీ పెట్టె అయినా దారి ఇదే.

మొదట: మీకు తెలియనిది ఏమిటో రాయండి

పరిశోధన నిధికి నేను పెట్టిన మొదటి దరఖాస్తు 40 పేజీలు. అందులో 30 పేజీలు మా వర్క్‌షాపు గొప్పలు, కొనబోయే సీఎన్‌సీ మిషను వివరాలు, ఫొటోలు. సమీక్షకులలో ఒకాయన అన్నీ తిరగేసి ఒక్క ప్రశ్న అడిగారు: "ఇందులో మీకు ఇంకా తెలియనిది ఏమిటి?" నేను తడబడ్డాను. అన్నీ తెలుసని చెప్పుకోవడానికే కదా అన్ని పేజీలు రాసింది! దరఖాస్తు తిరిగొచ్చింది, రావలసిందే.

పరిశోధన నిధి ఇచ్చేవారు ఒక ప్రశ్నకు జవాబు కొంటారు. మిషను కావాలంటే బ్యాంకు రుణం ఉంది, ఆర్డరు కావాలంటే టెండరు ఉంది. హైదరాబాద్‌లోని మిధాని ప్రత్యేక లోహాలను, ఎంటార్ ఇంజిను భాగాలను ఇస్రోకు అందిస్తున్నాయి. అది సరఫరా వ్యాపారం, దాని లెక్క వేరు. మీరు అడుగుతున్నది జవాబు దొరుకుతుందో లేదో తెలియని పనికి డబ్బు. కాబట్టి ఆ తెలియనిదాన్ని ఒక్క వాక్యంలో పెట్టండి.

"మేం మంచి సీలు చేస్తాం" అన్నది ప్రశ్న కాదు. "క్రషర్లలో మేం వాడే రెండు పెదవుల సీలు, గాలి లేనిచోట, సున్నాకు 100 డిగ్రీల దిగువన, 70 మైక్రాన్ల పదునైన పొడిలో 16,000 చుట్లు తిరిగాక కూడా బేరింగ్‌లోకి పొడిని రానివ్వకుండా ఉంటుందా?" ఇది ప్రశ్న. దీన్ని చదివినవారికి మీకేం కావాలో వెంటనే తెలుస్తుంది.

ఈ అంకెలు ఎక్కడివి? అవే మీ ఇంటిపని. చంద్రుడి మీద గాలి లేదు, పారే నీరు లేదు. అందుకని రేణువుల అంచులు అరగవు, మన వాగు ఇసుకలా గుండ్రబడవు. సూక్ష్మ ఉల్కలు తాకి కరిగిన గాజు ముక్కలు కూడా వాటిలో కలిసి ఉంటాయి. సగటు రేణువు పరిమాణం 70 మైక్రాన్ల దరిదాపు, అంతకంటే చాలా సన్ననివీ ఉంటాయి. ఎండవల్ల అవి విద్యుదావేశం పొంది దేనికైనా అంటుకుంటాయి. సోవియట్ రోవరు లునోఖోద్ 2 1973లో 39 కిలోమీటర్లు తిరిగి, వేడిని బయటికి పంపే పలక మీద ధూళి పడటంతో లోపల వేడెక్కి ఆగిపోయింది.

చుట్ల లెక్క ఇంకా తేలిక. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం ఒక చుట్టులో దాదాపు 63 సెంటీమీటర్లు పోతుంది. 10 కిలోమీటర్లు పోవాలంటే సుమారు 16,000 చుట్లు. నిమిషానికి 10 చుట్ల చొప్పున తిప్పితే 27 గంటల పని. క్రషర్ బేరింగ్ అన్ని చుట్లు ఒక్క పూటలో తిరిగేస్తుంది! అంటే కష్టం దూరంలో లేదు, ధూళి, చలి, శూన్యం మూడూ ఒకేసారి మీద పడటంలో ఉంది. ఈ ముక్క దరఖాస్తు మొదటి పేజీలోనే రాయండి. సమస్య ఎక్కడుందో మీకు తెలుసని చెప్పడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

ప్రశ్నను ముందుగా తెలుగులో రాసి మీ ఫోర్‌మన్‌కు చదివి వినిపించండి. ఆయనకు అర్థం కాకపోతే ఇంగ్లిషులోకి మార్చినా సమీక్షకుడికి అర్థం కాదు.

ఎవరి డబ్బు ఎవరికి

అమెరికాలో ఉన్న మేనల్లుడో, చెల్లెలి అల్లుడో నాసా ప్రకటన ఒకటి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతాడు: "మామయ్యా, చిన్న సంస్థలకు నాసా డబ్బు ఇస్తుందట, నువ్వు పెట్టు." ఇస్తుంది, మనకు కాదు. ఎస్‌బీఐఆర్ అనే ఆ పథకానికి మూలం 1982లో అమెరికా చేసిన చట్టం. దాని ప్రకారం సంస్థలో సగానికి మించిన వాటా అమెరికా పౌరులదో, అక్కడి శాశ్వత నివాసులదో కావాలి. ఉద్యోగులు 500 మందికి మించకూడదు, పని అక్కడే జరగాలి. హన్మకొండ చిరునామాతో దరఖాస్తు పెట్టి సమయం వృథా చేసుకోకండి.

కాని దాని నిర్మాణాన్ని మాత్రం శ్రద్ధగా చదవండి. మొదటి దశలో నాసా ఇటీవలి సంవత్సరాల్లో ఒకటిన్నర లక్షల డాలర్ల దాకా, ఆరు నెలల గడువుతో ఇస్తూ వచ్చింది. ఆ దశలో తేల్చవలసింది ఒక్కటే, ఇది సాధ్యమా కాదా. సాధ్యమని తేలినవారికి రెండో దశలో ఎనిమిదిన్నర లక్షల డాలర్ల దాకా, రెండేళ్ల గడువు. మూడో దశకు పథకం నుంచి డబ్బు రాదు, కొనుగోలుదారుణ్ని వెతుక్కోవాలి. చిన్న ప్రశ్నకు చిన్న మొత్తం, జవాబు వచ్చాక పెద్ద మొత్తం. మన దేశంలో ఈ మెట్లు ఒకే పథకంలో వరుసగా ఉండవు, వేర్వేరు తలుపుల వెనక ఉన్నాయి. వాటిని వరుసలో పెట్టుకోవలసింది మీరే. నాసా ప్రకటనల్లో అడిగే అంశాల జాబితా కూడా ఉచితంగా దొరికే పాఠ్యపుస్తకం లాంటిది. ధూళిని తట్టుకునే యంత్రభాగాలు అందులో ఒక అంశంగా వచ్చాయి.

మన తలుపులు ఇవి. మొదటి నమూనా తయారీకి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వారి 'నిధి ప్రయాస్' అనే పథకం ఉంది. 10 లక్షల రూపాయల దాకా, ఎంపిక చేసిన ఇంక్యుబేటర్ల (కొత్త సంస్థలకు చేయూతనిచ్చే కేంద్రాల) ద్వారా వస్తుంది. అంతరిక్ష రంగానికే ప్రత్యేకమైన తలుపు ఇన్‌స్పేస్. ప్రైవేటు సంస్థలను ప్రోత్సహించి, అనుమతులిచ్చే ఈ కేంద్ర సంస్థ కార్యాలయం అహ్మదాబాద్ దగ్గర బోపల్‌లో ఉంది, 2022 జూన్‌లో ప్రారంభమైంది. దాని సీడ్ ఫండ్ పథకం కోటి రూపాయల దాకా ఇస్తుంది, అయితే ప్రకటించిన అంశాలకే. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన సాంకేతికత స్వీకరణ నిధి ఇంకా పెద్దది: మొత్తం 500 కోట్లు, ఒక్కో ప్రాజెక్టుకు 25 కోట్ల దాకా. స్టార్టప్‌లకు, చిన్న మధ్యతరహా పరిశ్రమలకు ఖర్చులో 60 శాతం వరకు, పెద్ద పరిశ్రమలకు 40 శాతం వరకు ఇస్తారు. ఇది తొలి ఆలోచనలకు కాదు, పనిచేస్తుందని తేలిన సాంకేతికతను మార్కెట్టుదాకా నడిపించడానికి. సీలు ఇంకా మీ షెడ్డులో పరీక్ష దశలోనే ఉండగా ఈ తలుపు తట్టకండి.

కొత్త ఆవిష్కరణలకు గ్రాంట్లు ఇచ్చే రక్షణ శాఖ పథకం ఐడెక్స్ 2018 నుంచి ఉంది. 2022 అక్టోబరులో గాంధీనగర్ రక్షణ ప్రదర్శనలో ప్రకటించిన మిషన్ డెఫ్‌స్పేస్ కింద 75 అంతరిక్ష సవాళ్లను ముందుపెట్టారు. ఐడెక్స్‌లో కోటిన్నర దాకా గ్రాంటు వస్తుంది, మీరూ అంతకు సరిపడా వాటా పెట్టాలి. చంద్రధూళి మీద వారికి ఆసక్తి ఉండదు. అదే సీలు ఎడారి ఇసుకలో పనిచేస్తుందంటే ఉండవచ్చు.

కాగితాలు

దీనికి ఎక్కువ పేజీలు అక్కర్లేదు, కాని నెల ముందే మొదలుపెట్టండి. మన ప్రాంతంలో చాలా వర్క్‌షాపులు యజమాని పేరుమీద సొంత సంస్థగా నడుస్తాయి. స్టార్టప్‌గా డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం) గుర్తింపు కావాలంటే అది చాలదు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీయో, ఎల్‌ఎల్‌పీయో, నమోదైన భాగస్వామ్య సంస్థయో కావాలి. పాత సంస్థ ఆస్తులనే మార్చి కొత్తది చేశామనిపిస్తే గుర్తింపు రాదు, కాబట్టి చార్టర్డ్ అకౌంటెంటును ముందే కలవండి. చిన్న పరిశ్రమలకు కేంద్రం చేసే ఉద్యమ్ నమోదు ఆధార్, పాన్‌లతో ఉచితంగా అవుతుంది. డబ్బు తీసుకుని చేయిస్తామనే దుకాణాలకు వెళ్లనవసరం లేదు.

పేటెంటు విషయంలో ఒక్క జాగ్రత్త. మీ సీలు ఆకృతిని ఏ ప్రదర్శనలోనో, పత్రికలోనో బయటపెట్టకముందే తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేయండి. ఆ తేదీ నుంచి పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు ఉంటుంది. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికి వెళతాయి, ఆన్‌లైనులోనే వేయవచ్చు.

పంతులుగారిని వెతకండి

అదృష్టవశాత్తు మనకు 1959లో పుట్టిన వరంగల్ నిట్ (జాతీయ సాంకేతిక విద్యాసంస్థ) కాజీపేట రోడ్డు మీదే ఉంది. ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటిది అదే. మెకానికల్, లోహశాస్త్రం, భౌతికశాస్త్రం విభాగాలన్నీ అక్కడ ఉన్నాయి. హసన్‌పర్తి వైపు ఎస్ఆర్ విశ్వవిద్యాలయంలో ఇంక్యుబేటరు ఉంది. ఏ పథకాలకు ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో అక్కడికి వెళ్లి అడగండి.

ఆచార్యులు ఎందుకంటే, రెండు కారణాలు. పరిశోధనలకు నిధులిచ్చే ఇస్రో రెస్పాండ్ పథకం విద్యాసంస్థలకే డబ్బు ఇస్తుంది, మీరు నేరుగా అడగలేరు. ఇస్రో కేంద్రాలు తమకు కావలసిన పరిశోధనాంశాలను రెస్పాండ్ బాస్కెట్ పేరుతో ప్రచురిస్తాయి. అందులో మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది చూపించి, ఆచార్యులు ముఖ్య పరిశోధకులుగా, మీ వర్క్‌షాపు తయారీ భాగస్వామిగా ముందుకు వెళ్లవచ్చు. రెండో కారణం అసలైనది. అరిగిన సీలు పెదవిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించగలిగేది వారే. "అరిగింది" అని మీరు రాస్తే అభిప్రాయం. అరుగుదల ఇన్ని మైక్రాన్లని వారు రాస్తే కొలత.

వెళ్లేటప్పుడు మూడేళ్లుగా క్రషర్లనుంచి తిరిగొచ్చిన పాత సీళ్లను సంచిలో వేసుకుని వెళ్లండి. ఒక్కోదానికి చీటీ కట్టి, ఏ మిషనుది, ఎన్ని గంటలు నడిచింది, ఏ నెలలో తీశారు రాయండి. ఏ విజిటింగ్ కార్డూ అంత పని చేయదు. ఒక విషయం మాత్రం మొహమాటపడకుండా మొదటి రోజే మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి: పేటెంటులో ఎవరి వాటా ఎంత? "తర్వాత చూసుకుందాం సార్" అనుకున్నచోటే తర్వాత పేచీలు వస్తాయి.

పరీక్షల మెట్లు కట్టండి

దరఖాస్తుకు ప్రాణం ఇక్కడుంది. సమీక్షకులు సాంకేతికత ఎంత పండిందో 1 నుంచి 9 వరకు టీఆర్‌ఎల్ అంకెతో చెప్పమంటారు. ఊహ కాగితం మీద ఉంటే అడుగు మెట్లు. ప్రయోగశాలలో పనిచేస్తే 4. అసలు పరిస్థితులను పోలినచోట పనిచేస్తే 5, 6. అంతరిక్షంలో నిజంగా పనిచేసి చూపితే 9. క్రషర్‌లో పదేళ్లు నడిచిందని 9 వేసుకునేవారు ఉన్నారు. చంద్రుడి లెక్కలో మీ సీలు ఇప్పుడు 2 లేదా 3. తక్కువ వేసుకోవడంలో నామోషీ లేదు, ఎక్కువ వేసుకుంటేనే అనుమానం వస్తుంది.

మొదటి మెట్టు మీ షెడ్డులోనే. మూతపెట్టిన డబ్బాలో రాతిపొడి, మధ్యలో షాఫ్టు, దానికి సీలు, చిన్న గేరు మోటారు. జల్లెడ పట్టిన పొడిని ఓవెనులో 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టాకే వాడండి. మన వానాకాలపు గాలిలోని తేమకు పొడి ముద్దకట్టి, లేని మంచితనం సీలుకు అంటగడుతుంది. తిప్పడానికి పట్టే బలాన్ని గంటగంటకూ రాయండి. ఈ పనిలో మాస్కు తప్పనిసరి. గ్రానైటు పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో క్రషర్ కూలీలను చూసినవారికి తెలుసు.

గ్రానైటు పొడి చంద్రధూళి కాదని సమీక్షకుడు అంటారు, నిజమే. రెండో మెట్టుకు కృత్రిమ చంద్రమట్టి కావాలి. చంద్రయాన్ పరీక్షలకు ఇస్రో దీన్ని తమిళనాడు నామక్కల్ జిల్లా సిత్తంపూండి ప్రాంతపు అనార్థొసైట్ రాతితో తయారుచేసుకుంది, పద్ధతికి పేటెంటు కూడా పొందింది. చంద్రుడి ఎత్తైన ప్రాంతాల రాయికి అది దగ్గరి చుట్టం. నిట్ ఆచార్యుల ద్వారా అడిగితే నమూనా సంపాదించే వీలు ఎక్కువ.

మూడో మెట్టు శూన్యం, చలి. శూన్యంలో మామూలు గ్రీజు ఆవిరైపోతుంది, ఆ ఆవిరి పక్కనున్న కెమెరా అద్దం మీద పేరుకుంటుంది. అందుకే అంతరిక్షానికి పంపే రబ్బరు, జిగురు, గ్రీజులన్నింటికీ ఒక పరీక్ష ఉంది: శూన్యంలో 125 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచాక బరువు తగ్గుదల 1 శాతం లోపు, చల్లని పలకపై పేరుకున్నది 0.1 శాతం లోపు ఉండాలి. నైట్రైల్ రబ్బరు సీలు చలికి గట్టిపడి పెళుసవుతుంది. టెఫ్లాన్ జాతివి ఎక్కువ చలిని ఓర్చుకుంటాయి, కాని ఒత్తిడికి మెల్లగా సాగిపోతాయి. ఏది ఎంచుకున్నా కారణం రాయండి. శూన్య ఉష్ణ పరీక్షకు, కంపన పరీక్షకు సొంత గదులు కట్టుకోనక్కర్లేదు. ఇన్‌స్పేస్ బోపల్ సాంకేతిక కేంద్రంలో ఆ వసతులు ఉన్నాయి. పూతల విషయానికి హైదరాబాద్ బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది.

ప్రతి మెట్టుకూ ఏది గెలుపో, ఏది ఓటమో ముందే అంకెతో రాయండి. తిప్పే బలం మొదటికంటే సగం పెరిగితే ఓడినట్టు. బేరింగ్‌లో 10 మిల్లీగ్రాములకు మించి పొడి కనిపిస్తే ఓడినట్టు. ఈ హద్దులు మీవే, కాని ముందే పెట్టినవి కాబట్టి వాటికి విలువ ఉంది. ఓడితే తర్వాత ఏం చేస్తారో కూడా రాయాలి. ఆ ఒక్క పేరా చాలా దరఖాస్తుల్లో ఉండదు.

ఇంకా పైమెట్టు కావాలా? ఇస్రో రాకెట్టు పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను కక్ష్యలోనే ప్రయోగవేదికగా వాడే పోయెమ్ ఉంది. 2024 డిసెంబరు 30న వెళ్లిన దానిలో 24 పరికరాలు ప్రయాణించాయి, వాటిలో 10 ప్రభుత్వేతర సంస్థలవి, విద్యాసంస్థలవి. అక్కడ ధూళి ఉండదు, శూన్యం మాత్రం అసలైనదే. రెండో దరఖాస్తుకు దాచుకోండి.

లెక్క

యంత్రాల పద్దు చిన్నది, పరీక్షల పద్దు పెద్దది కావాలి. మా మొదటి దరఖాస్తులో తలకిందులుగా ఉంది. ఓడిపోయే నమూనాలకు కూడా ఖర్చు రాయండి, ఒకటి కాదు ఆరు సీళ్లు చేస్తారు కదా. పరీక్షాకేంద్రాల రుసుము, జీఎస్టీ, అహ్మదాబాద్ ప్రయాణాలు, లెక్కలు చూసే మనిషి జీతం మరిచిపోకండి. డబ్బు ఒక్కసారిగా రాదు, మైలురాళ్లవారీగా వస్తుంది. ఒక విడతకు, ఇంకో విడతకు మధ్య నెలలు గడవవచ్చు. కనీసం మూడు నెలల జీతాలు చేతిలో లేకుండా మొదలుపెట్టవద్దని నా సలహా. 60 శాతం గ్రాంటు అంటే మిగతా 40 మీది. కోటి రూపాయల పనికి 40 లక్షలు ఎక్కడివో కమిటీ అడుగుతుంది. "చూసుకుంటాం" అనే మాటకు మార్కులు పడవు.

కమిటీ ముందు

పది నిమిషాలు ఇస్తారు, ఏడు నిమిషాల్లో ముగించండి. సీలు చేతికివ్వండి, అరిగినది, అరగనిది రెండూ. ఇంగ్లిషు గొప్పగా రాకపోయినా పరవాలేదు. తెలియనిదానికి తెలియదని చెప్పి, ఏ పరీక్షతో తెలుసుకుంటారో చెప్పండి. "దీన్ని ఇంకెవరు కొంటారు?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. చంద్రుడికి వెళ్లే రోవర్లు పదేళ్లలో ఎన్నుంటాయి! కంకర క్రషర్లు, రామగుండం నుంచి భూపాలపల్లి దాకా ఉన్న బొగ్గుగనుల కన్వేయర్లు, సిమెంటు ఫ్యాక్టరీలు మాత్రం రేపటికీ ఉంటాయి. అదే సీలు వాటి బేరింగ్ ఆయుష్షును ఎంత పెంచుతుందో మీ పాత రికార్డుల నుంచి చెప్పండి.

తిరస్కరిస్తే సమీక్షకుల వ్యాఖ్యలు అడిగి తీసుకోండి. ఒక్కో వ్యాఖ్యకు ఎదురుగా మీ జవాబు రాసుకుని తర్వాతి ప్రకటన కోసం ఉంచండి. నా రెండో దరఖాస్తు 12 పేజీలే అయింది.

డబ్బు వచ్చాక

విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. అందులోంచి కరెంటు బిల్లు కట్టి, తర్వాత సర్దుదామనుకోకండి. ప్రతి కొనుగోలుకు కొటేషన్లు, బిల్లులు ఫైలులో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుకు ఖర్చు లెక్క జీఎఫ్‌ఆర్ (కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి) 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రంగా ఇవ్వాలి. అది అందకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. సీలు పరీక్షలో ఓడిపోయినా నివేదిక రాయండి, ఏ చుట్టు దగ్గర, ఏ చలిలో, ఎలా ఓడిందో ఫొటోలతో. వాళ్లు కొన్న జవాబు అదే. ఇక ఆ ఖాతాలో పడే వడ్డీ మీది కాదు, ఖర్చు కాకుండా మిగిలిన అసలుతో పాటు అదీ ప్రభుత్వానికి తిరిగి జమచేయాలి. ఆ వరుసను మొదటి రోజే లెక్కల పుస్తకంలో గీసి ఉంచండి.